చిన్న దెబ్బకు పెద్ద లెక్క

మీరు బిళ్ళంగోడు ఆడే ఉంటారు. కొన్ని ఊళ్ళలో దీన్ని గోటీబిళ్ళ అంటారు, తెలంగాణలో చిర్రాగోనె అంటారు. పేరేదైనా ఆట ఒక్కటే. నల్లమల అడవి అంచున ఉన్న అర్ధవీడు వంటి ఊళ్ళో ఈ ఆటకు కావలసిందల్లా మూరెడు కర్ర, రెండు కొసలూ చెక్కిన చిన్న బిళ్ళ, పంట కోసిన చేను. ఆడేవాడు బిళ్ళ మొన మీద కర్రతో తడతాడు. బిళ్ళ గాలిలోకి లేస్తుంది. లేచిన బిళ్ళను రెండవ దెబ్బతో దూరంగా కొడతాడు.

ఈ రెండు దెబ్బలలో కష్టమైనది ఏది? దూరం పోయే దెబ్బే అంటారు చాలామంది. కాని ఆట పోగొట్టుకున్న వాణ్ణి అడిగి చూడండి. మొదటి దెబ్బ గట్టిగా తగిలితే బిళ్ళ చేతికందకుండా ఎగిరిపోతుంది. మెల్లగా తగిలితే మోకాలి ఎత్తైనా లేవదు. బిళ్ళ 1 మీటరు ఎత్తు లేవాలంటే సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగంతో బయలుదేరాలి. అది పైకి పోయి తిరిగి నేలకు చేరేలోపల మనకున్న వ్యవధి 0.9 సెకను మాత్రమే! మెల్లగా, కొలిచినట్టు కొట్టడమే అసలు కష్టమన్నమాట.

ఇదే కష్టం గోల్ఫు ఆటలోనూ ఉంది. అక్కడ దీని మీద శాస్త్రజ్ఞులు కూడా తల బద్దలు కొట్టుకున్నారు.

250 మీటర్లూ ఒకటే, 2 మీటర్లూ ఒకటే

అర్ధవీడులో గోల్ఫు మైదానం లేదు. హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న నయాకిలా, విశాఖపట్నం వంటి చోట్ల ఉన్నాయి. గోల్ఫు బంతి బరువు 46 గ్రాములకు మించదు. దాన్ని 10.8 సెంటీమీటర్ల వెడల్పున్న గుంటలో పడెయ్యాలి. ఎవరు తక్కువ దెబ్బలతో పడేస్తే వారిదే గెలుపు. 250 మీటర్లు పోయిన దెబ్బా ఒకటే లెక్క, 2 మీటర్లు పోయిన దెబ్బా ఒకటే లెక్క. అందుకని గుంటకు 20, 30 మీటర్ల దూరం నుంచి కొట్టే చిన్న దెబ్బలు ఎవరికి బాగా వస్తాయో వారు పైకి వస్తారు. ఈ దెబ్బలకు వాడే కర్ర పేరు వెడ్జి. దాని ఇనుప ముఖం 45 నుంచి 60 డిగ్రీల దాకా వెనక్కి వాలి ఉంటుంది.

సగం దూరానికి సగం వేగమా?

బంతి 45 డిగ్రీల కోణంలో లేచి సరిగ్గా 20 మీటర్ల దూరంలో పడాలనుకుందాం. అది సెకనుకు 14 మీటర్ల వేగంతో బయలుదేరాలి. (ఇంత చిన్న దూరంలో గాలి ప్రభావం స్వల్పం కనుక దాన్ని వదిలేద్దాం.) మరి 10 మీటర్ల దూరానికి? 7 మీటర్ల వేగం చాలునని మీరు అనవచ్చు. అక్కడే పొరపాటు! 7 మీటర్ల వేగంతో కొడితే బంతి 5 మీటర్లే పోతుంది. 10 మీటర్లు పోవాలంటే సుమారు 9.9 మీటర్ల వేగం కావాలి.

కారణం మీ భౌతికశాస్త్రంలోనే ఉంది. ప్రక్షిప్త వస్తువు వెళ్ళే దూరం వేగానికి కాదు, వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లవుతుంది. చేతిలో చిన్న తప్పు నేల మీద పెద్దదై కనిపించేది ఇందుకే. 20 మీటర్లకు కొట్టబోయి వేగం నూటికి 10 వంతులు ఎక్కువ చేశారనుకోండి, బంతి 24 మీటర్లు దాటిపోతుంది.

వాలిన ముఖం ఎందుకు?

30 డిగ్రీల కోణంలో కొట్టినా, 60 డిగ్రీలలో కొట్టినా ఒకే వేగానికి బంతి ఒకే దూరంలో పడుతుంది. అయినా ఆ రెండు దెబ్బలూ ఒకటి కావు. 20 మీటర్ల దూరానికి 30 డిగ్రీల బంతి 3 మీటర్ల ఎత్తు కూడా లేవదు. 60 డిగ్రీల బంతి 8 మీటర్లు దాటి లేస్తుంది. నేలను తాకేటప్పుడు మొదటిదానికి ముందుకు పోయే వేగం సెకనుకు 13 మీటర్లు, రెండవదానికి 7.5 మీటర్లు. మొదటిది దొర్లుకుంటూ పోతుంది, రెండవది పడ్డచోటికి దగ్గరలోనే ఆగుతుంది. గుంట దగ్గరగా ఉన్నప్పుడు ఆగే బంతే కావాలి కదా!

ఆపడానికి ఇంకొక సాయం ఉంది. వాలిన ముఖం బంతిని రాసుకుంటూ పోవడం వల్ల బంతి వెనక్కి తిరుగుతూ ఎగురుతుంది. నేలను తాకగానే ఆ తిరుగుడుకు గడ్డి ఘర్షణ తోడై బంతిని పట్టి ఆపుతుంది. గడ్డి, తడి మధ్యలోకి వచ్చి ఘర్షణను తగ్గించకుండా కర్ర ముఖం మీద సన్నని గాళ్ళు చెక్కుతారు.

బంతి నిజంగా తిరుగుతుందని ఎలా తెలిసింది? ఎడింబరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్ 1890లలో దీన్ని పరిశోధించాడు. బంతికి మెలికలు లేని పొడవాటి నాడా కట్టి, కొట్టిన తరువాత నాడాలో పడ్డ మెలికలు లెక్కపెట్టాడు. ఎంత తేలికైన ఉపాయమో చూశారా? ఆయన కుమారుడు ఫ్రెడీ టెయిట్ 1896లోనూ, 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచాడు.

మీరే చేసి చూడండి

చేతి బలాన్ని ఊహించి కొట్టడం నమ్మదగ్గ పద్ధతి కాదు. నమ్మదగ్గది లోలకం. ఒక చెక్కముక్కను మీటరు పొడవు దారానికి కట్టి, బల్ల అంచు నుంచో చెట్టు కొమ్మ నుంచో వేలాడదీయండి. చెక్క నేలకు తాకీ తాకకుండా ఉండాలి. కింద గోనెపట్టాలు వరుసగా పరచి, చెక్కకు ఎదురుగా ఒక గోళీ పెట్టండి. చెక్కను 10 సెంటీమీటర్లు వెనక్కి లాగి వదలండి. నెట్టవద్దు, వదలండి. గోళీ ఎంత దూరం దొర్లిందో కొలవండి. తరువాత 20, ఆ తరువాత 30 సెంటీమీటర్లు లాగి వదలండి. ఒక్కొక్కటి అయిదుసార్లు చేసి సగటు తీయండి. దూరాలు సుమారు 1, 4, 9 నిష్పత్తిలో వస్తాయి.

చూశారా, ఇక్కడ బలం మాటే లేదు. ఎంత వెనక్కి తీశామన్నదే దూరాన్ని నిర్ణయించింది. చిన్న దెబ్బ మెరుగుపరచుకునే రహస్యం ఇదే. అమెరికాలో నాసా సంస్థలో భౌతికశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన డేవ్ పెల్జ్, ఆ ఉద్యోగం వదలి గోల్ఫు చిన్న దెబ్బల అధ్యయనానికే అంకితమయ్యాడు. ఎడమ చేతిని గడియారపు ముల్లుగా ఊహించుకుని, ఏడున్నర, తొమ్మిది, పదిన్నర స్థానాల వరకు మాత్రమే వెనక్కి తీయడం అభ్యసించమన్నాడు. ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క దూరం. బంతి దగ్గరికి వచ్చాక భయపడి చేతిని ఆపకూడదు. ఆపితే ఆ లెక్కంతా తప్పుతుంది.

అగస్టాలో ఒక దెబ్బ

సాహిత్ తీగల పేరు విన్నారా? అమెరికాలో పుట్టిన తెలుగు యువకుడు. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్ళినవారు. 2023 ఏప్రిల్ 9న, తాను మొదటిసారి ఆడుతున్న అగస్టా మాస్టర్స్ పోటీ చివరిరోజున, 16వ గుంట దగ్గర అతని బంతి గడ్డితిన్నె అవతల పడింది. అతడు గుంట వైపు కొట్టలేదు. వాలు పైభాగానికి కొట్టాడు. బంతి అక్కడ పడి, వేగం తగ్గి, వాలు వెంట తిరిగి దొర్లుకుంటూ వచ్చి గుంటలో పడింది! 2005లో టైగర్ వుడ్స్ ఇదే గుంట దగ్గర ఇటువంటి దెబ్బే కొట్టాడు. బంతికి దారి చూపింది గురుత్వాకర్షణ. దాన్ని ఎక్కడ దింపాలో లెక్క కట్టింది ఆటగాడు.

ఇదే సాహిత్ 2024లో టూర్ ఛాంపియన్‌షిప్ పోటీలో ఇసుక గుంటలోంచి కొడుతూ, వెనక్కి తీసేటప్పుడు కర్ర ఇసుకను తాకిందని తానే చెప్పాడు. నియమం ప్రకారం రెండు దెబ్బలు శిక్షగా కలిశాయి. చివరికి రెండవ స్థానానికి రెండే దెబ్బల తేడాలో మూడవవాడుగా మిగిలాడు.

మీ గోనెపట్టా ప్రయోగంలో కూడా ఎప్పుడో ఒకసారి గోళీ పక్కకు పోతుంది, 4 రావలసిన చోట 3 వస్తుంది. వచ్చిందే రాయండి. రావాలని కోరుకున్నది రాయకండి. ఎందుకు తగ్గిందో వెతకండి. దారం మెలిపడి ఉండవచ్చు, చెక్క గోళీకి పక్కగా తగిలి ఉండవచ్చు. తప్పు తెలిస్తేనే గురి కుదురుతుంది.

ఇక బిళ్ళంగోడుకు పోదాం. ఈసారి బిళ్ళను లేపేటప్పుడు కర్రను ఎంత ఎత్తు నుంచి దించారో గమనించండి. ఏ ఎత్తుకు బిళ్ళ నడుము దాకా లేస్తుందో గుర్తుపెట్టుకోండి. ఒక్క మాట మరవకండి: బిళ్ళ కంటికి తగిలితే చూపే పోవచ్చు. ఎదురుగా ఎవరూ లేనప్పుడే రెండవ దెబ్బ కొట్టండి.