గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి

"అమ్మా, ఆదివారం కంటి శిబిరానికి వాలంటీరుగా వెళ్తానే" అంది మా అమ్మాయి. "పదో తరగతి! నీకెందుకే ఆ గొడవ?" అన్నాను ఠక్కున. మన తల్లులందరి మాటా ఇదే కదూ!

తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొచ్చారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శనలో ఆవిడ వాలంటీరు. వయసు పద్నాలుగేళ్లు. టికెట్టు లేనివాళ్లను లోపలికి వదలకూడదన్నది ఆమెకు అప్పగించిన పని. వచ్చింది నెహ్రూ అయినా ఆపేసింది. నిర్వాహకులు టికెట్టు కొనిచ్చాకే పంపింది.

నియమం అందరికీ ఒక్కటేనని పుస్తకంలో చదివితే మార్కులొస్తాయి. గేటు దగ్గర నిలబడి పాటిస్తే అదే స్వభావమవుతుంది. ఆ పిల్లే పెద్దయ్యాక ఆంధ్ర మహిళా సభ స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది.

ఆదివారం మా అమ్మాయిని నేనే దింపి వచ్చాను. సాయంత్రం ఇంటికొచ్చి, "ఒక మామ్మగారు నా చెయ్యి వదల్లేదమ్మా. మన నాన్నమ్మకీ చూపు ఆనడం లేదేమో, ఎప్పుడైనా అడిగామా?" అంది.

ఆ రాత్రి లెక్కల పుస్తకం తియ్యమని అనలేకపోయాను.