రంగూను నగరంలో తొలి సాయంకాలం

జీవనోపాధి కోసం స్వస్థలాన్ని విడిచి దూరదేశాలకు వెళ్ళడం తెలుగువారికి కొత్త కాదు. నేడు విమానాలలో అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళుతున్నట్లే, నూరేళ్ళ క్రితం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ప్రజలు ఓడలలో బర్మాకు వెళ్ళేవారు. అప్పటికి ఈ రెండు జిల్లాలు ఏర్పడలేదు. ఆ ప్రాంతం గంజాం, విశాఖపట్నం జిల్లాలలో ఉండేది. వానలు కురవని ఏడు పంట లేదు. పంట లేని ఏడు పని లేదు. అటువంటి రోజులలో పేదలు కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కేవారు. 1937లో విడిపోయేవరకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే. కనుక చట్టరీత్యా అది విదేశం కాదు. కాని భాషలోను, వేషంలోను, ఆహారంలోను అది పరాయి నేలే.

వలస వెళ్ళినవారిలో అత్యధికులు పురుషులు. భార్యాబిడ్డలను ఊరిలో విడిచి, సంపాదించినది ఇంటికి పంపుతూ, కొన్నేళ్ళకు తిరిగివచ్చేవారు. దంపతులుగా వెళ్ళినవారు కొద్దిమందే. 1920వ దశకం చివర అటువంటి ఒక జంట రంగూను రేవులో దిగినదని ఊహించుకుందాం. ఆ తొలి సాయంకాలం వారు ఏమి చూసి ఉంటారు?

ఓడ నదిలో ప్రవేశించి నగరాన్ని సమీపించగానే ష్వేడగాన్ పగోడా కనిపిస్తుంది. బంగారు తాపడంతో సుమారు 325 అడుగుల ఎత్తున నిలిచిన ఆ బౌద్ధస్తూపం పడమటి ఎండలో మెరిసిపోతూ ఉంటుంది. రేవు దాటితే స్ట్రాండు రోడ్డు, దాని వెంట పెద్ద పెద్ద వర్తక కంపెనీల భవనాలు. 1852 నాటి యుద్ధంలో రంగూనును గెలుచుకొన్న తరువాత ఆంగ్లేయులు సూలే పగోడాను కేంద్రంగా చేసుకొని, చదరంగపు గళ్ళ వలె వీథులు తీర్చారు. ఆ వీథులలో 1906 నుండి విద్యుత్తుతో ట్రాములు నడిచేవి. కిరసనాయిలు బుడ్డి వెలుగులో పెరిగిన పల్లెవాసులకు ఎద్దులు, గుర్రాలు లేకుండా కదిలే ఆ బండ్లు, వరుసగా వెలిగే ఆ దీపాలు ఎంత అబ్బురం కలిగించి ఉంటాయో చెప్పనక్కరలేదు.

అంతకంటె పెద్ద ఆశ్చర్యం మరొకటి ఉంది. ఆ పరాయి నగరంలో అడుగడుగునా తెలుగు వినిపించేది. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూనులో సుమారు నాలుగు లక్షలమంది ఉండగా, వారిలో సగానికి పైగా భారతీయులే. తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అనేవారు. గోదావరీ ముఖద్వారం వద్దనున్న కోరంగి రేవు పేరే వారికి స్థిరపడింది. ఓడలలోనికి బియ్యపు బస్తాలు మోసే కళాసీలు, మిల్లులలో పనివారు, రిక్షాలు లాగేవారు చాలావరకు తెలుగువారు. వీథి వైభవాన్ని చూడవచ్చిన దంపతులకు ఆ వైభవం ఎవరి భుజాలమీద నిలిచి ఉన్నదో తొలిరోజే అర్థమై ఉంటుంది.

చీకటి పడగానే అసలు సమస్య ఎదురయ్యేది. ఈ రాత్రి తల దాచుకొనేది ఎక్కడ? ఓడ ఛార్జీకి బయానా ఇచ్చి తీసుకువచ్చిన మేస్త్రీయే దానికి సమాధానం. పని చూపేవాడు అతడే. బస చూపేవాడు అతడే. కూలిలో బాకీ మినహాయించుకొనేవాడూ అతడే. కూలీల బసలలో అనుమతించిన సంఖ్యకు మించి జనం కిక్కిరిసి ఉండేవారు. చోటు చాలనివారు కాలిబాటలమీద పడుకొనేవారు. ఈ దుస్థితిని 1929లో నియమితమైన రాయల్ కార్మిక కమిషన్ కూడా గుర్తించింది. ఒంటరి పురుషుడు ఏ మూలనో తల వాల్చగలడు. భార్యతో వచ్చినవానికి నాలుగు గోడలు, ఒక తలుపు కావాలి. జంటగా వెళ్ళినవారు కొద్దిమందే కావడానికి ఇది కూడా ఒక కారణం.

ఆ నగరం ఇచ్చిన ఆశ్రయం శాశ్వతం కాలేదు. 1930 మే నెలలో తెలుగు కళాసీలు కూలి పెంచమని సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొన్నారు. సమ్మె ముగియగానే వారిని తొలగించారు. ఇరువైపులా పేదలే, ఆ పేదల మధ్య చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేయగా, లక్షలాది భారతీయులు స్వదేశానికి బయలుదేరారు. వారిలో అనేకులు అడవులు, కొండలు దాటుతూ కాలినడకన వచ్చారు. 1962లో సైనిక పాలన వచ్చి, 1964లో వ్యాపారాలు జాతీయమయ్యాక మిగిలినవారిలో చాలామంది తరలివచ్చారు. విశాఖపట్నంలోని 'బర్మా క్యాంపు' అనే పేట ఆ చరిత్రకు గుర్తు. కొన్ని తెలుగు కుటుంబాలు మాత్రం నేటికీ మియన్మారులో ఉన్నాయి.

వలసలు ఆగలేదు. శ్రీకాకుళం మత్స్యకారులు ఇప్పటికీ గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళుతున్నారు. ఇతర రాష్ట్రాల కూలీలు మన పట్టణాలకు వస్తున్నారు. కొత్త నగరంలో అడుగుపెట్టిన వ్యక్తి మొదట చూసేది అక్కడి భవనాలనే కావచ్చు. అతనికి కావలసినది మాత్రం గౌరవంగా నిద్రించడానికి కొంత చోటు, తనకు అర్థమయ్యే ఒక మంచి మాట. ఆ రెండింటినీ ఇవ్వగలిగిన నగరమే నిజంగా గొప్ప నగరం.