ఉరము, కంఠము, శిరస్సు: స్వరానికి మూడు నెలవులు

భగవంతుని నాదరూపునిగా ఉపాసించే సంప్రదాయం మనది. వేదపారాయణమైనా, హరికథ అయినా, భజన అయినా గొంతే మన ప్రథమ పూజాద్రవ్యం. పూవు వాడకుండా, పత్రి చిరగకుండా స్వామి సన్నిధికి తెచ్చే మనం గొంతు విషయంలో ఆ శ్రద్ధ చూపడం లేదు. ఇది ఇతరులను ఎత్తిపొడవడానికి అంటున్న మాట కాదు. ముందుగా నా పొరపాటే చెప్పుకుంటాను.

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువలోని మా ఆలయంలో శనివారం సాయంత్రం భజన జరుగుతుంది. పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం వైపు కర్మాగారాలలో పనిచేసేవారు డ్యూటీ దిగి కుటుంబాలతో వస్తారు. ఏళ్ల తరబడి నేను హార్మోనియంపై ఒకటో శ్రుతి పెట్టి పాడించేవాడిని. పల్లవి వరకు అందరి గొంతులూ వినిపించేవి. చరణం తారస్థాయికి చేరేసరికి స్త్రీల వరుస మూగబోయేది. "భగవన్నామానికి బిడియమెందుకమ్మా?" అని ఒకనాడు కాస్త కటువుగానే అడిగాను. ఒక పెద్దమ్మ లేచి, "బిడియం కాదు అయ్యగారూ, పాట మీదికి పోంగనే మా గొంతు చీరుకపోతున్నది" అన్నది. శిక్షాశాస్త్రం చదివినవాడిని. ఆ మాటకు తల దించుకున్నాను.

శిక్ష చెప్పిన మూడు స్థానాలు

వేదాంగాలలో మొదటిది శిక్ష. పాణినీయ శిక్ష ప్రకారం ఆత్మ బుద్ధితో కూడి, చెప్పదలచిన అర్థాన్ని నిశ్చయించి మనస్సును నియోగిస్తుంది. మనస్సు శరీరాగ్నిని తాకుతుంది. అగ్ని వాయువును ప్రేరేపిస్తుంది. ఆ వాయువు ఉరస్సులో సంచరిస్తే మంద్రం, కంఠంలో మధ్యమం, శిరస్సులో తారం. ప్రాతఃకాలంలో పులి గాండ్రింపు వంటి ఉరస్స్వరంతో, మధ్యాహ్నం చక్రవాక కూజితం వంటి కంఠస్వరంతో, తృతీయ సవనంలో నెమలి, హంస, కోకిలల నాదం వంటి శిరస్స్వరంతో పఠించాలని అది నిర్దేశించింది. నిద్ర లేచిన గొంతు బరువుగా పలకడం మనందరి అనుభవమే గదా! పదమూడవ శతాబ్దపు శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో హృదయం, కంఠం, శిరస్సు అనే స్థానాలనే చెప్పి, ఒక్కొక్కటి దాని కిందిదానికి రెట్టింపు అన్నాడు.

పాశ్చాత్య గాయకులు కూడా ఛాతీస్వరం, శిరస్స్వరం అనే వ్యవహరించడం విశేషం. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతాచార్యుడు చిన్న అద్దం సాయంతో తన స్వరతంత్రులను తానే చూశాడు. ధ్వని పుట్టేది స్వరపేటికలోనే. ఛాతీ, శిరస్సు ఆ కంపనం మనకు తెలిసే చోట్లు. మంద్రంలో తంత్రులు పొట్టిగా, దళసరిగా ఉండి నిండుగా కంపిస్తాయి. స్వరం పైకి పోయేకొద్దీ సాగి పలుచబడతాయి. ఈ మార్పు స్త్రీపురుషులిద్దరిలోనూ ఉంది. సాధన లేని పురుషుడు శక్తికి మించి పైకెక్కబోతే గొంతు హఠాత్తుగా విరిగి పీలగా మారుతుంది. అదే దొంగగొంతు. సాధకుడు ఈ అతుకు వినబడకుండా పాడగలడు.

స్త్రీ పురుష కంఠాల అంతరం

బాల్యంలో ఆడపిల్లల, మగపిల్లల గొంతులు దాదాపు ఒకటే. యౌవనారంభంలో బాలుని స్వరపేటిక పెరిగి, గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. బాలికకు ఈ దిగుడు చాలా స్వల్పం. సంభాషణలో పురుషుని తంత్రులు సెకనుకు 100 నుండి 130 సార్లు, స్త్రీ తంత్రులు 200కు అటూఇటూగా కంపిస్తాయి. అందుకే కర్ణాటక సంగీతంలో పురుషులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలోను, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతిలోను పాడతారు. నా ఒకటో శ్రుతిలో స్త్రీలు తమ సహజ షడ్జమం కన్నా హార్మోనియంపై నాలుగైదు మెట్లు పైన పాడవలసి వచ్చేది. చరణం తారగాంధారం అందుకుంటే ఆ గొంతు చీరుకుపోక ఏమవుతుంది?

1963లో రికార్డయిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం, 1974లో పరమపదించిన ఘంటసాల గారి భగవద్గీత మన ఇళ్లలో నేటికీ వినిపిస్తున్నాయి. ఒకటి స్త్రీకంఠం, ఒకటి పురుషకంఠం. ఎవరి స్థానంలో వారు నిలిచి పాడినందువల్లనే ఆ నిండుదనం.

భజనకు ఏ శ్రుతి?

ఇప్పుడు మా ఆలయంలో పాట ఎంత పైకి పోతుందో ముందే చూసుకుంటున్నాం. తారస్థాయిలో తిరిగే కీర్తనకు శ్రుతిని ఆరుకు దించుతాం. పురుషులు కింది స్థాయిలో, స్త్రీలు దాని పై స్థాయిలో హాయిగా పాడతారు. మంద్రంలో నడిచే నామావళికి ఒకటి సరిపోతుంది.

కర్మాగారాలలో పనిచేసేవారికి మరొక మాట. యంత్రాల రొదలో మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దినమంతా అలా అలసిన గొంతుతో వచ్చి, డోలక్, మైకుల నడుమ మళ్లీ అరవడం తగదు. పెద్దగా అరవడాన్ని, కాకస్వరాన్ని, స్థానం తప్పడాన్ని శిక్ష పఠనదోషాలలో చేర్చింది. భజనకు ముందు గోరువెచ్చని నీరు త్రాగి, కొంతసేపు మౌనంగా కూర్చోండి. బొంగురు మూడు వారాలకు మించి ఉంటే గొంతు వైద్యునికి చూపించుకోండి.

శ్రుతి దించిన తొలి శనివారం స్త్రీల వరుస చరణం చివరి వరకు ఆగలేదు. హారతి తర్వాత ఆ పెద్దమ్మ తీర్థానికి చేయి చాపి, "ఇయ్యాల మా పాట గూడ దేవునికి ముట్టింది అయ్యగారూ" అన్నది. అంతవరకు ఆ పాటకు అడ్డుపడినది నా శ్రుతియే.