పనిలేని గ్రామసింహము – ఖర్చులేని ఆటవస్తువులు

సింహాచల క్షేత్రమున సింహములకు కొఱతలేదు. కొండపైన వరాహలక్ష్మీనృసింహస్వామి వెలసియుండగా, కొండదిగువ అడవివరము వీధులలో గ్రామసింహములు సంచరించుచున్నవి. కుక్కకు పెద్దలీ పేరు పెట్టినది వట్టి పరిహాసముకొఱకే యని మేము తలంపము. రాత్రివేళ కళ్ళములోని ధాన్యపురాశికిని, దొడ్డిలోని పశువులకును, కొండవాలునందలి పనస, అనాస తోటలకును కాపు గాచిన జంతువది. కూలి యడుగదు, సెలవు గోరదు, ఇంత గంజియో, మిగిలిన చోడియంబలియో పోసిన తృప్తిపడును.

అట్టి కుక్కకు నేడు పని తప్పినది. 1933వ సంవత్సరమున విశాఖపట్టణపు ఓడరేవు తెఱవబడెను. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితము చేయబడెను. వాని వెంట పట్టణము నానాటికి పెరిగి కొండచుట్టును అలముకొన్నది. సింహాచలము, అడవివరము గూడ నేడు మహావిశాఖ నగరపాలక సంస్థలోనివే. పొలములు కొన్ని యిండ్లస్థలములైనవి. కళ్ళము లున్న తావుల గోడలు లేచినవి. పొలము మిగిలిన రైతు సైతము యంత్రముతో ఒక్కపూటలో నూర్పు ముగించి ధాన్యమును బస్తాల కెత్తుచున్నాడు. రాత్రుల కావలితో పనిలేకపోయినది. కుక్కను మాత్రము మూడు మూరల గొలుసుతో వాకిటి స్తంభమునకు గట్టి, దొంగ వచ్చునేమో చూడుమని విడిచితిమి. దొంగ రాడు, ప్రొద్దు గడువదు.

ప్రొద్దు గడువని కుక్క యేమి చేయునో మన సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు. చెప్పులు కొఱుకును. ఆరవేసిన పంచెలు లాగి చించును. వంగనారుమడిని త్రవ్విపోయును. రాత్రియంతయు ఆకు కదలినను మొఱుగును. ఇరుగుపొరుగు వారు తగవునకు వత్తురు. కొన్ని కుక్కలు తమ తోకను తామే తఱుముకొనును. కొన్ని ముంగాలిని పుండుపడువఱకు నాకుకొనును. యజమానుడు దీనికి పొగరెక్కినదని కఱ్ఱ తీయును. ఆదిపర్వమున సరమ యను దేవశునకము, తప్పుచేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టినందులకు ఎంత నొచ్చుకొన్నదో మనవారందఱు వినియేయుందురు. పనిలేమి తప్పు కాదు. కాలికి పుండు పడినచో, అది చర్మవ్యాధి వలననో పిడుదుల వలననో కూడ కావచ్చును గనుక, ముందుగా పశువైద్యునకు చూపవలెను.

పని పోయిన కుక్కల గతి యేమగునో తెలిసికొనుటకు పరదేశముల కేగ నవసరములేదు. కొల్లేటి ప్రాంతమునను, కృష్ణా గోదావరి మండలముల తీరగ్రామములందును జొనంగి యను పొట్టివెండ్రుకల జాతి కుక్క కలదు. అది మొఱుగుట తక్కువ. నేలలో గోయి త్రవ్వుకొని పరుండుట దానికి సహజము. బాతులమందలను కాచి మళ్లించుట దాని వృత్తి. ఆ ప్రాంతమున చేపలచెరువులు ప్రబలి బాతులమందలు తగ్గుటతో ఆ వృత్తి పోయెను. వెనుక మందను కాచిన కుక్కయే చెరువులలోని చేపలను పట్టుచున్నదని యపవాదు మోసి, తఱుమబడి, క్షీణించినది. ఇప్పుడు కొందఱు కుక్కల ప్రియులు ఆ జాతిని నిలుపుటకై శ్రమపడుచున్నారు.

ఇందు చట్టము మాటయు కొంత కలదు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టములోని పదునొకండవ సెక్షను, మిక్కిలి పొట్టిదైన లేక మిక్కిలి బరువైన గొలుసుతో జంతువును తగని కాలము కట్టియుంచుటను నేరముగా నెన్నినది. అంతియకాదు, ఎప్పుడును కట్టియుంచు కుక్కకు తగు వ్యాయామము కలుగజేయకపోవుటయు యజమానుని నేరమే యని అందే వేఱుగా వ్రాసిరి. కుక్కను త్రిప్పుట దయాధర్మమని మనము తలచుచుండగా చట్టము దానిని విధిగా చేసినది! కావున రెండుపూటల నడక ముందు. మేము క్రింద చెప్పబోవు ఆటలు దాని తరువాత. నడకకు మాఱుగా ఏ యాటయు పనికిరాదు.

కుక్కకు కంటికంటె ముక్కు పెద్ద ఇంద్రియము. మనము కన్నులతో చదువునట్లు అది వాసనతో చదువును. అరగంట పరుగెత్తించిన కుక్క మఱల లేచి గంతులిడును గాని, పావుగంటసేపు ముక్కుతో వెదకించిన కుక్క కాళ్లు చాచి పరుండుట పలువురు చూచిన సంగతియే. ఇంకొక విశేషము. 1963లో గ్లెన్ జెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలకు గిన్నెలో తిండి యుచితముగా నుంచి, ప్రక్కనే మీట నొక్కినచో తిండి పడునట్లును అమర్చెను. గిన్నె యెదుట నుండగనే పెక్కు ఎలుకలు మీట నొక్కియే తినుట కతడాశ్చర్యపడెను. పాటుపడి తిన్న కూటికి రుచి యెక్కువయని రైతునకు శాస్త్రజ్ఞుడు చెప్పవలసిన పనిలేదు. అన్ని కుక్కలును ఆ యెలుకలవలెనే యుండునని మేము చెప్పము, బద్ధకపుకుక్కలును గలవు. అయినను గిన్నెలో నొక్కసారిగా కుమ్మరించు తిండిలో కొంత భాగమును వెదకి తినునట్లు చేసినచో కుక్కకు పని దొరకును, మనకు ఖర్చు లేదు. ఇదియే తక్కిన ఆటల కన్నిటికి మూలము.

మొదటి యాటకు మూడు కొబ్బరిచిప్పలు చాలును. అంచులను రాతిపై నూఱి నునుపుచేసి, పీచు తీసివేయవలెను. కుక్క చూచుచుండగా నొక చిప్పక్రింద ఉడికిన చిలగడదుంప ముక్కయో, ఉప్పులేని వేరుసెనగపలుకులో పెట్టి బోర్లింపవలెను. అది మూతితో త్రోసి తీసికొనును. రెండుమూడు దినములు గడచిన పిమ్మట మూడు చిప్పలను బోర్లించి ఒకదానిక్రిందనే పెట్టవలెను. ఆపైన చిప్పల స్థానములు మార్చవలెను. పిల్లలకును ఇది మిక్కిలి వేడుక. కుక్క చిప్పనే కొఱుక నారంభించెనేని ఆట ముగిసినట్లే. చిప్పపెంకులు గొంతులో గుచ్చుకొనును.

రెండవది గడ్డిలో వెదకుట. వరిగడ్డి యొక తట్టెడు పఱచి, అందు తిండి గింజలుగా చల్లి “వెదకు” మనవలెను. మాంసాహారము తిను ఇండ్లలో ఎండునెత్తళ్ళు రెండుమూడు చాలును. వానిని ముందుగా నీట నానవేసి ఉప్పు పోగొట్టవలెను. శాకాహారులు పెరుగన్నపు ముద్దను అడ్డాకు దొన్నెలో పెట్టి గడ్డిలో దాచవచ్చును. ఆ దొన్నెలకు గ్రుచ్చిన పుల్లలను తీసివేయుట మఱువరాదు. ఈ యాటలో తెలివిగల కుక్క మొదట గాలి పసిగట్టి, పిదప నేలను పసిగట్టి, తిన్నగా వచ్చి నిలుచుట చూడవలసినదే కాని చెప్పతరము గాదు. తట్ట, గడ్డి, అయిదు నిమిషములు. ఇంతకంటె చవుకయైన వినోదము మాకు తెలియదు.

1970వ దశకమున అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున జో మార్కము అను నతడు, రాళ్లు కొఱికి పండ్లు పాడుచేసికొనుచున్న తన కుక్క, మోటారుబండి రబ్బరుభాగ మొకదానిని పట్టి విడువకుండుట చూచెను. ఆ పోలికనే బోలు రబ్బరుబొమ్మ చేయించి, అందు తిండి కూరి కుక్కకిచ్చునట్లు ఏర్పరచి అమ్మెను. నేడది లోకమంతట అమ్ముడుపోవుచున్నది. దానిని వెలపెట్టి కొనుడని మేము చెప్పబోము. బాగుగా ఎండిన ఆనపబుఱ్ఱకు వ్రేలు దూరునంత రంధ్రములు రెండు చేసి, లోని గింజలును పీచును శుభ్రముగా తీసి, వేరుసెనగపలుకులు పోసి నేలపై దొర్లించినచో పని యొకటే. మనము దగ్గఱనుండి చూచుచున్నంతసేపే ఇయ్యవలెను. పగిలిన వెంటనే తీసికొనవలెను. మూతలేని తిరుగలిరాయి ఏ మూలనో పడియుండినచో దానిని కడిగి, చిక్కని చోడియంబలిలో పెరుగు కలిపి, రాతి గరుకులందు పూయుడు. నాకుట కుక్కకు నెమ్మది నిచ్చును. ఆషాఢపున్నమనాటి గిరిప్రదక్షిణమున జనసమూహము సుమారు ముప్పదిరెండు కిలోమీటర్లు కొండచుట్టు నడచునప్పుడును, దీపావళి బాణసంచా నాడును బెదరు కుక్కలను లోపలి గదిలో నుంచి ఈ రాయి నెదుట పెట్టినచో కొంత కుదుటపడును.

త్రవ్వు కుక్కకు త్రవ్వుటకు చోటీయవలెను; త్రవ్వవద్దని చెప్పిన వినదు. పశువులసాల నీడను రెండు మూరల పొడవు, మూరెడు లోతు గోయి తీసి, ఇసుకతో నింపి, నీరు చల్లి, గుడ్డముడి యొకటియు తిండిముక్క యొకటియు అందు పూడ్చుడు. రెండుమూడుసార్లు చూపిన, వంగమడి విడిచి ఇచ్చటికే వచ్చును. వేసవిలో ఆ తడియిసుకయే దానికి పడకయు నగును. మనకువలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు. ఒగర్చియే వేడి పోగొట్టుకొనవలెను. కావున వైశాఖజ్యేష్ఠములలో పరుగుల ఆటలు తెల్లవాఱుజామున, చీకటిపడిన పిదప తప్ప కూడదు.

పరుగుకై నాలుగు మూరల సన్నని వెదురుగెడకు త్రాడుకట్టి, త్రాటికొనను గుడ్డపీలిక ముడిచి, నేలపై వలయముగా లాగుచుండిన కుక్క వేటాడును. గుడ్డ నీలిదో పసుపుపచ్చదో అయినచో మేలు. కుక్కలు నీలిని పసుపును వేఱుగా చూచునుగాని ఎఱుపును ఆకుపచ్చను వేఱుపఱుపలేవని 1989లో జే నైట్జ్ మొదలగువారు పరీక్షించి తెలిపిరి. పచ్చగడ్డిలో ఎఱ్ఱగుడ్డ వేసి మా కుక్కకు చూపులేదని నిందింపరాదుగదా! పీలికను నేలనంటియే త్రిప్పవలెను. ఎత్తునకు ఎగిరించినచో కీళ్లు చెడును. ఏడాది నిండని పిల్లలకు మఱియు చేటు. అప్పుడప్పుడు దొరకనీయవలెను, ఎన్నడును దొరకని వేటతో కుక్కకు చిరాకు పుట్టును. పాతపంచెను మూడు పాయలుగా జడవేసి రెండుకొనల ముడివేసినది లాగులాటకు పనికివచ్చును. “విడు” మన్నంతనే విడుచుట నేర్పినతరువాతనే పిల్లల చేతికి దానినీయవలెను.

ఇక కీడు కలిగించు వస్తువులనుగూర్చి కొంత గట్టిగా చెప్పవలసియున్నది. ఊరక దొరకినదని దేనినైనను కుక్క నోటి కిచ్చుట మనవారి యలవాటు. ఎరువుల బస్తాలు, పురుగుమందు డబ్బాలు ఎన్నిసార్లు కడిగినను ఆటకు పనికిరావు. బస్తా దారములు ప్రేగులో చిక్కుపడును. ఆముదపుపిండి వేసిన పాదులలో కుక్కను త్రవ్వనీయకుడు. దాని వాసనకు కుక్క యాశపడి తినును. అందలి విషము ప్రాణము తీయును. గన్నేరుకొమ్మను విసరి తెమ్మనరాదు. మామిడిటెంకలు, తాటిటెంకలు, మొక్కజొన్నకండెలు కొఱుకుట కిచ్చినచో మ్రింగబడి ప్రేగు నడ్డగించును. ఈ కారణమున శస్త్రచికిత్సలు జరుగుచునేయున్నవి. ఉడికించిన యెముకలు సూదులవలె చీలును. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసన్నము, ద్రాక్షపండ్లు, కిసుమిసు, చాకలెట్టు కుక్కకు విషములు. మన కొండయనాస పండు చిన్నముక్క యొకటి పెట్టవచ్చును. తొక్కయు, మీది ఆకులకుచ్చును కూడదు. సైకిలు టైరును దూలమునకు వ్రేలగట్టి త్రోసి యాడించుట మంచిదే గాని, అంచులలోని ఇనుపతీగెను ముందుగా కోసి తీసివేయవలెను, ఒంటరిగా కొఱుకుటకు విడువరాదు.

అన్ని వస్తువులను ఒక్కసారి ఎదుట పడవేయుటయు తెలివి గాదు. రెండుదినములు చిప్పలు, రెండుదినములు గడ్డి, పిదప మఱియొకటి. తక్కినవి అటకమీద నుండవలెను. నాలుగుదినములు కనబడని గుడ్డముడి మఱల క్రొత్తదగును. ఒక యింట రెండు కుక్కలున్నచో తిండితో గూడిన ఆట వేర్వేఱు చోట్ల పెట్టకున్న కాట్లాట తప్పదు. తినుచున్న కుక్కనోటినుండి వస్తువును లాగికొనుట పిల్లలకు తగదు. వేఱొక ముక్క చూపి మార్పుచేసికొనుట నేర్పవలెను.

ఆటలో పన్నుగాని గోరుగాని తగులుట సహజము గనుక, ఆటకు ముందే పెంపుడుకుక్కకు పిచ్చికుక్కవ్యాధి టీకా వేయించియుండవలెను. పిల్లకు మూడునెలల వయస్సున మొదలిడి, తరువాత పశువైద్యుడు చెప్పిన గడువులలో తప్పక వేయించుచుండవలెను. ఆ వ్యాధి లక్షణములు మనుష్యునకు కనబడిన పిమ్మట బ్రతికించు మందు లేనట్లే; లక్షణములు రాకముందు మాత్రము టీకా కాపాడును. కావున వీథికుక్క కఱచినను, ఇంటికుక్క గీచినను, గాయమును సబ్బుతో పాఱు నీటిక్రింద పదునైదు నిమిషములు కడుగుడు. పసుపు, కారము, సున్నము పూయకుడు. నాటుమందుకై తిరుగక ఆనాడే ఆసుపత్రికి పోయి, చెప్పిన తేదీలలో సూదులన్నియు వేయించుకొనుడు.