ఆడుపిల్లికి ఆపరేషను – అనంతర పోషణము

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునను సామెత మన విద్యార్థుల కందరకును తెలిసినదే. ఆ యేడిండ్లవారును వానిని వలదన్నప్పుడు వాని గతి యేమగునో సామెత చెప్పదు. కన్నులు తెరువని కూనలను గోనెసంచిలో వైచి చెరువుగట్టున విడిచివచ్చుట మన యూళ్లలో వింత కాదు. బోర్డింగు వంటశాల వెనుక ఒక పిల్లి ఈ యేడు రెండవమారు ఈనగా, దానికి ఆపరేషను చేయించుటను గూర్చి బాలురు మమ్ము మూడు ప్రశ్న లడిగిరి. అది క్రూరత్వము కాదా? ఒక్క కాన్పైనను కానిచ్చిన పిమ్మటనే చేయింపవలెనా? కుట్లకు పసుపు పూయవచ్చునా?

మొదట పిల్లి శరీరధర్మమును తెలిసికొనవలెను. ఆడుకూన సాధారణముగ ఐదు మొదలు తొమ్మిది నెలల ప్రాయమున ఎదకు వచ్చును. నాలుగవ నెలలోనే వచ్చుటయు కలదు. అప్పు డది రేయింబవళ్లు అరచును, నేలపై పొరలును, వెనుకభాగమును ఎత్తి నడచును. దీనిని చూచి జబ్బు చేసినదని భయపడువారు పెక్కుమంది. మగపిల్లితో కూడిన పిదపనే దాని అండములు విడుదలయగును గనుక చూలు నిలుచుట మిక్కిలి సులభము. కూడనియెడల కొన్ని దినములకు ఎద అణగి, రెండు మూడు వారములలో మరల వచ్చును. చూలు ఇంచుమించు తొమ్మిది వారములు. పిల్లలకు పాలిచ్చుచుండగనే తల్లి మరల చూలు కట్టగలదు. కాన్పునకు నలుగురేసి చొప్పున ఏటికి రెండు మూడు కాన్పు లనుకొని, ఎన్ని కూనలగునో లెక్కల పుస్తకము లేకయే కట్టవచ్చును.

ఈ ఆపరేషనులో రెండు అండాశయములను, చాలచోట్ల వానితోపాటు గర్భాశయమును తీసివేయుదురు. పిల్లి గర్భాశయము మనుష్యులదివలె ఒక్క సంచి కాదు. పంగలకఱ్ఱవలె రెండు కొమ్ములుగ చీలియుండును. అండాశయములు లేనందున ఎద రాదు. గర్భాశయమున చీము నిండి ప్రాణాపాయము తెచ్చు వ్యాధి యొకటి కలదు. ఆ భయమును తీరును. పిల్లులకు స్తనములందు లేచు గడ్డలలో అధికభాగము పుట్టకురుపు జాతివే. 2005 సంవత్సరమున ప్రకటితమైన పరిశోధనమునందు, ఆరు నెలలు నిండకమునుపే ఆపరేషనైన పిల్లులలో ఈ వ్యాధి నూటికి 91 పాళ్లు, ఏడాదిలోపుగ నైన వానిలో 86 పాళ్లు తగ్గినట్లు తేలినది. కావున ఒక్క కాన్పు కావలెనను మాటకు ఆధారము లేదు. ఆలస్యము చేసినకొలది లాభము తగ్గును. క్రూరత్వమనువారు చెరువుగట్టున విడువబడిన కూనలనుకూడ తలంపవలెనని మా యభిప్రాయము.

ఎదిగిన పిల్లికి ముందటి రాత్రి నుండి ఆహారము మాన్పుదురు. మత్తులో వాంతి యైనచో అది ఊపిరితిత్తులలోనికి పోవునను భయమే దీనికి కారణము. చిన్నకూనలను మాత్రము అంతసేపు పస్తుంచరాదు. నెత్తురులోని చక్కెర తగ్గి నీరసించును. ఎన్ని గంటలన్నది వైద్యుని యడిగి తెలిసికొనవలెను. తూకమునుబట్టి మత్తుమం దిచ్చి, పొట్టమీది వెండ్రుకలు గొరిగి, చిన్నకోత కోసి, రక్తనాళములను గట్టిగ ముడివైచి, అవయవములను తీసి, లోపలి పొరలను చర్మమును వేర్వేరుగ కుట్టుదురు. పిల్లికి నొప్పి తెలియదు. సాధారణముగ ఆ సాయంకాలమే ఇంటికి పంపుదురు.

ఇకమీదటి పని మనది. మత్తు పూర్తిగ దిగువరకు పిల్లి తూలుచుండును; అటకలు, గోడలు ఎక్కనీయక ఒక చిన్నగదిలో, వెచ్చని గుడ్డమీద, పొయ్యికి దూరముగ ఉంచవలెను. తెలివి వచ్చిన పిదప కొంచెము నీరు, కొంచెము మేత చాలును. ఇసుక రేణువులు గాయమున కంటకుండ దాని మలమూత్రములకు కొన్నాళ్లు చింపిన కాగితములు పరువవలెను. పిల్లి నాలుక ఆకురాయివంటిది. కుట్లను నాకి ఊడదీయగలదు. అందుచే మెడకు గరాటువంటి పట్టీ కట్టుదురు. దానిని జూచి జాలిపడి విప్పువారే మరల వైద్యునివద్దకు పరుగెత్తవలసివచ్చును. పదిమొదలు పదునాలుగు దినములు గంతులు, స్నానము, బయటి తిరుగుడు కూడవు. ఇంటిలోని యితర పిల్లులు ఆస్పత్రి వాసనకు బుసకొట్టుట కలదు. అది రెండుమూడు దినములలో పోవును.

గాయమును దినమునకు రెండుమార్లు చూడవలెను. కొద్ది ఎఱుపు, స్వల్పమగు వాపు సహజములు. చీము, దుర్వాసన, రక్తము కారుట, కుట్లు విడుట, చిగుళ్లు తెల్లబారుట, ఒక దినము గడచినను ఏమియు తినకుండుట – వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. పసుపు మాటకు వత్తము. ముద్దగ పూసినచో గాయము కనబడదు, పిల్లియు దానిని నాకుటకు మొదలిడును. పూయవలదు. ఫినాయిలువంటివి పిల్లులకు విషములు.

అన్నిటికంటె ముఖ్యమైనది చెప్పెదము. పిల్లి మూలుగుచున్నదని మనము జ్వరమునకు వాడు పారాసిటమాలు బిళ్లను పొడిచేసి పాలలో కలిపి పోయువారు కలరు. మన కాలేయము ఆ మందును విఱిచి బయటికి పంపగలదు. పిల్లి కాలేయమున కాశక్తి చాల కొఱత. దాని నెత్తురు ప్రాణవాయువును మోయు గుణమును కోల్పోవును. చిగుళ్లు గోధుమవన్నెకు తిరుగును, ముఖము వాచును. ఒక్క బిళ్లయే చంపవచ్చును. నొప్పికి పశువైద్యు డిచ్చినది తప్ప మఱేదియు ఇయ్యరాదు.

మానిన పిమ్మట పిల్లికి ఆకలి హెచ్చి, శరీరమునకు కావలసిన మేత తగ్గును. మునుపటంత పెట్టినచో బలియును గాన కొలతగ పెట్టవలెను. ఎలుకలను పట్టుట మానునేమోయని వంటమనిషికి గల సందేహము నిరాధారము. వేటకును అండాశయములకును సంబంధము లేదు.

వీధిపిల్లులకు ఈ ఆపరేషను చేసినప్పుడు, మత్తులో నుండగనే ఒక చెవికొనను కొంచెము కత్తిరించుట పలుచోట్ల ఆచారము. అట్టి చెవిగల పిల్లి కనబడినయెడల దానిని మరల పట్టి ఆస్పత్రికి కొనిపోవ నవసరము లేదు.