చెల్లింపునకు ముందే పద్దు

ఒక బియ్యపుమిల్లులో మార్చి నెలంతయు యంత్రములు నడచినవి, కూలీలు శ్రమించిరి, విద్యుచ్ఛక్తి వ్యయమయ్యెను. కాని కూలి ఏప్రిల్ మొదటి వారమున ముట్టును, కరెంటు బిల్లు అంతకంటెను ఆలస్యముగా చేరును. మార్చి 31తో సంవత్సరపు లెక్కలు ముగియుచుండగా, రొక్కమింకను చేయి దాటలేదను హేతువుచే ఈ వ్యయములను విడిచిన యెడల, లాభము ఉన్నదానికన్న అధికముగా గోచరించి, యజమానినే గాక అప్పిచ్చిన బ్యాంకును సైతము భ్రమింపజేయును.

పది లక్షల రూపాయల అప్పునకు సాలుకు నూటికి 12 చొప్పున వడ్డీ యనుకొందము. మార్చి నెల వడ్డీ 10,000 రూపాయలు, ఎప్పుడు చెల్లించినను, మార్చి వ్యయమే. కనుక వడ్డీ ఖాతాకు డెబిట్, చెల్లించవలసిన వడ్డీ ఖాతాకు క్రెడిట్ వ్రాయవలెను. మొదటిది లాభనష్టాల ఖాతాకును, రెండవది ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపునకును చేరును. పిదప సొమ్ము చెల్లించినప్పుడు ఆ అప్పు తీరునే గాని కొత్త వ్యయమేదియు పుట్టదు.

గుమాస్తాలు ఎక్కువగా తడబడునది ఇచ్చటనే: ఏప్రిల్‌లో బిల్లు రాగానే దానిని మరల ఖర్చు వ్రాసి, ఒకే వ్యయమును రెండేండ్ల నెత్తిన వేయుదురు. ఏప్రిల్ 1న పాత సర్దుబాటు పద్దును తిరగవేయు పద్ధతి ఈ దోషమును చక్కగా నివారించును. బిల్లు రాని కరెంటునకు మీటరు అంకెను బట్టి అంచనా వేయవలెను. స్వల్పభేదమున్న పక్షమున మరుసటి యేట సరిదిద్దవచ్చును. అంచనాకు వెఱచి పద్దునే మానుటకన్న ఇదియే యుక్తమని నా దృఢాభిప్రాయము.

మన దేశమున కంపెనీలకు, చెల్లింపునకు ముందే ఇట్లు వ్యయమును పద్దు వ్రాయుట ఐచ్ఛికము కాదు. 2013 నాటి కంపెనీల చట్టము 128వ సెక్షన్ ఈ పద్ధతినే విధించినది.