దారి మారినప్పుడు దీపం మార్చవలెను

ఇబ్రహీంపట్నం నుండి హైదరాబాదుకు పోయే సాగర్ రహదారిపై రాత్రివేళ ప్రయాణించిన వారిలో, ఎదుటి వాహనపు వెలుగుకు కళ్లు మూసుకోనివారు అరుదు. ఆ క్షణంలో మనం ఎదుటివానిని నిందిస్తాము. కాని మన దీపం కూడా ఎవరి కళ్లనో చెదరగొట్టుచున్నదేమో అని ఆలోచించము. మాకు ఆ ఆలోచన కలిగించినది ఒక చిన్న సంఘటన.

కొన్ని సంవత్సరాల క్రితం మా పాత కారు ముందుదీపాలు పగిలినవి. కొత్తవి కొనుటకు వెనుకాడి, నగరంలోని ఒక పాత సామాన్ల దుకాణంలో, విదేశం నుండి వచ్చిన అదే తరహా జతను చవకగా కొన్నాము. అవి తమ స్థానంలో చక్కగా ఇమిడినవి. వెలుగు కూడా బాగుగానే ఉన్నది. కాని ఆ రాత్రి ఇంటికి తిరిగి వచ్చునప్పుడు ఎదురైన ప్రతి లారీ దీపాలు ఆర్పి వెలిగించి మమ్ములను హెచ్చరించినది. మేము డిమ్ములోనే ఉన్నాము. తప్పు ఎక్కడ ఉన్నదో తెలియలేదు. బొంగుళూరు దాటిన తరువాత ఎదురుగా వచ్చుచున్న ఒక సైకిలు మనిషి కళ్లకు చేయి అడ్డం పెట్టుకొని, రోడ్డు దిగి, కంపలో పడినాడు. మేము దిగి లేవనెత్తినాము. మోచేయి గీరుకొనుట తప్ప పెద్ద దెబ్బ తగలలేదు. “కళ్లు కనబడలేదు సారూ” అన్నాడే కాని మమ్ములను ఒక్క మాట అనలేదు. అందుకే మా మనస్సు మరింత నొచ్చుకున్నది.

మరునాటి సాయంకాలం మెకానిక్ మా కారును ఒక గోడకు ఎదురుగా నిలిపి దీపాలు వెలిగించి, “ఇవి అరబ్బు దేశపు బండి దీపాలు సార్, అక్కడ కుడిచేతి దారి కదా” అన్నాడు. దీపానికి కూడా కుడి ఎడమలు ఉండునని మాకు ఆనాడే తెలిసినది.

దీపంలోని కుడి ఎడమలు

మన దేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుచును. దక్కనీ ఉర్దూలో చెప్పవలెనన్న “ఉల్టే హాత్” దారి మనది. సౌదీ అరేబియా, దుబాయి, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలోను, అమెరికాలోను “సీధే హాత్” దారి. మనకు ఎదుటి వాహనం కుడిప్రక్కన వచ్చును; వారికి ఎడమప్రక్కన వచ్చును. దీపపు నిర్మాణమంతా ఈ ఒక్క భేదంపై ఆధారపడి ఉన్నది.

ముందుదీపంలో రెండు వెలుగులు కలవు. దూరం చూపే బ్రైటు రెండు వైపులా సమానంగా పడును. దానికి కుడి ఎడమల భేదం లేదు. లారీల వెనుక “యూజ్ డిప్పర్ ఎట్ నైట్” అని వ్రాసి ఉండునే, ఆ డిప్పర్ నొక్కినప్పుడు వచ్చే డిమ్ము వెలుగు మాత్రం సమానమైనది కాదు. దీని పై అంచు, ఎదుటి వాహనం వచ్చే వైపున గీత గీసినట్లు అడ్డంగా తెగి, కొద్దిగా క్రిందికి వాలి ఉండును. రెండవ వైపున, అనగా రోడ్డు అంచు వైపున, ఆ గీత సుమారు 15 డిగ్రీల కోణంలో పైకి లేచును.

ఇట్లెందుకనగా, భూమికి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న దీపం నూటికి ఒక వంతు క్రిందికి వాలినచో దాని వెలుగు 65 మీటర్ల దూరంలో నేలను తాకును. అంతకు మించి చూపించినచో ఎదుటివాని కళ్లలో పడును. కాని రోడ్డు అంచున నడిచే మనిషిని, నిలిచిన ఎడ్లబండిని, మైలురాయిని మరికొంత దూరం నుండే చూడవలెను. ఆ వైపు నుండి ఎదురు వాహనం రాదు కనుక అక్కడ వెలుగును పైకి లేపినారు. ఐరోపాలో ఈ పద్ధతి 1957 నుండి అమలులోనికి వచ్చినది.

1971లో వచ్చిన హెచ్-4 అనే హాలోజన్ బల్బులో ఈ ఏర్పాటును సులభంగా చూడవచ్చును. డిమ్ము తీగ క్రింద చిన్న లోహపు దొప్ప ఒకటి ఉండును. క్రిందికి పోవు వెలుగును అది అడ్డగించుటచే, కాంతి అద్దపు పై సగాన్ని మాత్రమే తాకి, క్రిందికి మరలును. దొప్ప అంచు ఒక వైపున వాలుగా ఉండుట వలన ఆ మేరకు వెలుగు ఒక ప్రక్క పైకి లేచును. కొన్ని దీపాలలో ముందు గాజుపై ఉండే చారలు కూడా ఈ ఆకారాన్ని తీర్చును.

ఇప్పుడు మా తప్పు సులభంగా బోధపడును. కుడిచేతి దారికి చేసిన దీపం కుడివైపున పైకి లేచును. దానిని మన రోడ్డుపై వాడినప్పుడు ఆ లేచిన వెలుగు సరిగా ఎదుటివాని కళ్లలో పడును. మన ఎడమ అంచు చీకటిలో మిగిలిపోవును. నష్టం రెండు విధాల. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోవు వాహనం ఒక్క సెకనులో 22 మీటర్లు సాగును. కళ్లు చెదిరిన డ్రైవరు మూడు సెకన్లలో 66 మీటర్లు గుడ్డివాని వలె నడిపినట్లే.

దేశాలు దారి మార్చిన వేళ

పూర్వం మన తెలుగువారు వలసపోయిన మారిషస్, దక్షిణాఫ్రికా, మలేషియా, ఫిజీ దేశాలలో నేటికీ ఎడమ దారియే. మనవారు వేల సంఖ్యలో నివసించిన బర్మా మాత్రం 1970లో కుడి దారికి మారినది. అంతకు ముందు స్వీడన్ దేశం 1967 సెప్టెంబరు 3వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు ఎడమ నుండి కుడికి మారినది. ఆ సందర్భంలో అచటి వాహనాల ముందుదీపాలన్నీ మార్చవలసి వచ్చినది. అప్పటికి చాలా కార్లకు చవకైన గుండ్రని దీపాలే ఉండెడివి. రాబోవు కాలంలో ప్రతి మాదిరికి వేరు వేరు ఖరీదైన దీపాలు వచ్చునని, అప్పుడు మార్పు మరింత భారమగునని కూడా ఆ ప్రభుత్వం త్వరపడినది. ఒక దేశపు నిర్ణయంలో దీపం ధర కూడా లెక్కకు వచ్చినదన్నమాట!

మన విద్యార్థుల కుటుంబాలలో గల్ఫు దేశాలకు డ్రైవర్లుగా పోయినవారు కలరు. అక్కడి బండికి అక్కడి దీపమే ఉండును కనుక వారు దీపం మార్చవలసిన పని లేదు. దుబాయి నుండి రియాద్ వరకు పోయినను దారి కుడిచేతిదే. వారు మార్చుకోవలసినది చూపును. వెలుగు దూరం పోయేది ఇప్పుడు కుడి అంచునకు. ఎదుటి వెలుగు వచ్చేది ఎడమ నుండి. సెలవుపై ఇంటికి వచ్చిన తొలి రాత్రులలో ఇదే జాగ్రత్త తిరిగి అవసరం.

సొంత వాహనంతో సరిహద్దు దాటేవారి సంగతి వేరు. బ్రిటన్‌లో స్థిరపడిన మనవారు డోవర్ రేవు నుండి ఓడపై గాని, 1994లో ప్రారంభమైన సొరంగం గుండా గాని ఫ్రాన్సుకు పోవునప్పుడు ఒక్క గంటన్నర లోపలనే దారి మారును. ఇరాన్ నుండి పాకిస్తాన్‌లోనికి భూమార్గాన వచ్చువారికి ఇదే మార్పు ఎదురగును. అట్టివారు ఎదుటివారి కళ్లు చెదరకుండ దీపాలను సవరించుకొనవలెను.

సవరించే విధానం

మొదట దీపం ఏ దారిదో తెలుసుకొనవలెను. ఐరోపా ప్రమాణాల ప్రకారం చేసిన దీపపు గాజుపై వృత్తంలో ‘ఈ’ అనే ఆంగ్లాక్షరం ఉండును. దీపానికి ఎదురుగా నిలిచి చూచినప్పుడు మన కుడివైపునకు బాణం గుర్తు ఉన్నచో అది ఎడమ దారి దీపం. బాణం లేనిచో కుడి దారిది. రెండు వైపులా మొనలున్న బాణం ఉన్నచో అది రెండు దారులకూ సవరించదగినది.

గుర్తు కనబడనిచో గోడ పరీక్ష చేయవలెను. చదునైన నేలపై గోడకు 10 మీటర్ల దూరంలో బండిని నిలిపి, టైర్లలో గాలి సరిగా ఉన్నదని చూచుకొని, దీపపు మధ్యభాగం ఎత్తున గోడపై సుద్దతో అడ్డగీత గీయవలెను. డిమ్ము వెలిగించి ఒక్కొక్క దీపాన్ని గుడ్డతో కప్పి చూడవలెను. మన దేశానికి తగిన దీపమైనచో వెలుగు అంచు కుడివైపున గీతకు సుమారు 10 సెంటీమీటర్లు క్రింద సమంగా ఉండి, ఎడమవైపున పైకి లేచును.

తాత్కాలిక ప్రయాణానికి మూడు మార్గాలు కలవు. కొన్ని దీపాల వెనుక చిన్న మీట ఉండును; దానిని త్రిప్పినచో వెలుగు ఆకారం మారును. నేటి ఎల్.ఇ.డి. దీపాలు గల కొన్ని కార్లలో డ్రైవరు ముందున్న తెరపైననే ఈ మార్పు చేయవచ్చును. చారల గాజు గల పాత దీపాలకు, పైకి లేచే వెలుగు వచ్చే భాగంపై మాత్రమే నల్లని పట్టీ అంటింతురు. ఏ భాగమన్నది బండి పుస్తకంలో చూచి చేయవలెను, ఊహించి అంటించరాదు. ప్లాస్టిక్ గాజుపై వేడికి మచ్చ పడవచ్చును గనుక, తిరిగి వచ్చిన వెంటనే పట్టీ తీసివేయుట మరువరాదు. దీపాన్ని క్రిందికి దించే చక్రం త్రిప్పినచో మిరుమిట్లు కొంత తగ్గును గాని ఆకారం మారదు. అది పూర్తి పరిష్కారం కాదు.

ఒకప్పుడు మన లారీల, బస్సుల దీపాలకు పై సగం నల్లరంగు పూసెడివారు. ఉద్దేశం మంచిదే గాని, దాని వలన మన వెలుగు కూడా తగ్గును. ఇక బండి శాశ్వతంగా ఈ దేశంలో నడువవలసినదైనచో రంగులు, పట్టీలు పనికిరావు. ఎడమ దారి దీపాలనే కొని వేయించవలెను. మేము ఆ మరునాడే అట్లు చేసినాము. చవక జతకు పెట్టిన సొమ్ము వ్యర్థమైనది. కాని ఆనాటి నుండి ఏ లారీ మమ్ములను హెచ్చరించలేదు.

పాఠక మిత్రులకు మా మనవి ఒక్కటే. మీ ఇంటి బండికి దీపం మార్చవలసి వచ్చినప్పుడు ధరతో పాటు గాజుపై బాణం కూడా చూడుడు. ఒక సాయంకాలం గోడ ఎదుట నిలిపి పది నిమిషాలు పరీక్షించుడు. మీ బండిలో కూర్చున్నవారికి దారి కనబడుట ఎంత అవసరమో, ఎదురుగా సైకిలుపై వచ్చుచున్న ఆ పేరు తెలియని మనిషికి తన దారి తనకు కనబడుట కూడా అంతే అవసరము.